పప్పు ఉడికిన నీళ్లు

చేతిసంచిలో ముందు కందిపప్పు మూట పెట్టాను. దాని మీద చిన్న ఇత్తడి గిన్నె, తువ్వాలు, ధనమ్మ మాత్రల సీసా, దారిలోకి పులిహోర పొట్లం. ధనమ్మ నా చెల్లెలు. ఆ రోజు ఆమె, ఆమె భర్త శివరామయ్య, నేను తెనాలి నుంచి ఒక ఇల్లు చూడటానికి బయలుదేరుతున్నాం. పప్పు ఎందుకంటే, ఇల్లు కొనేముందు ఆ బావి నీళ్లతో పప్పు ఉడికించి చూడటం మా ఇంట్లో అలవాటు. పప్పు మెత్తబడితే నీళ్లు మంచివి. నీళ్లు మంచివైతే ఇల్లు మంచిది. మా అమ్మ అలాగే చూసింది, ఆవిడ అత్తగారూ అలాగే చూసింది.

“ఇల్లు చూడ్డానికెళ్తున్నామా, సంతర్పణకా వదినగారూ? ఇంకో గిద్దెడు పోయండి, భోజనం కూడా అక్కడే కానిద్దాం” అన్నాడు శివరామయ్య.

ఆయన బియ్యం మిల్లులో గుమాస్తాగా చేసి మానుకున్నాడు. వాళ్లు అద్దెకున్న ఇల్లు ఆ మిల్లు గోడను ఆనుకునే ఉండేది. బాయిలరు రాజేస్తే ఊక బూడిద వాకిట్లో, మంచినీళ్ల బిందెలో, ఆరేసిన చీరల మీద పడేది. బాయిలరు ఎప్పుడు పేలుతుందోనని నాకు భయం. బూడిద సంగతే వాళ్లకు భయం, ఎందుకంటే ధనమ్మది ఉబ్బసం. పడుకోలేక గోడకు దిండు ఆనించుకుని కూర్చునే ఉండేది. ఆమె గుండెలో పిల్లికూతలు పక్కగదిలోకి వినిపించేవి. మిల్లులకు దూరంగా వెళ్లకపోతే ఎక్కువకాలం బతకదని డాక్టరు చెప్పాడు.

బాపట్లలో ఒక ఇల్లు చూశాం. అక్కడి నీళ్లలో పప్పు గులకరాళ్లలాగే ఉండిపోయింది. అంగలకుదురులో చూసిన ఇంటికి మిల్లు పొగ అందుతూనే ఉంది. మూడోది ఇది. 1973 వేసవి. రేపల్లె దాకా రైలు, తరవాత బస్సు, అడవులదీవి దాటాక ఒంటెద్దు బండి.

పెంకుటిల్లు. తూర్పు వాకిలి, మందమైన గోడలు, వెనక బావి. ధర ఎందుకంత తక్కువో నాకు అర్థం కాలేదు. తాళంచెవి పక్క పాకలో ఉండే హుస్సేన్ బీ దగ్గరుంది. నా ఈడుదే. తలుపు తీసి, తాను మాత్రం గడప బయటే నిలబడింది.

లోపల గోడలకు కొత్తగా సున్నం కొట్టి ఉంది. ఆ సున్నంలోంచి ఉప్పు పూసింది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను, ఉప్పే. గోడ పొడుగునా ఒకటే గీతలా పూసింది. పక్కగదిలో చూశాను, వంటింట్లో చూశాను. అన్ని గోడల మీదా అదే ఎత్తున, ఎక్కడా వంకర లేకుండా, తలుపుల దగ్గర ఆగి మళ్లీ అవతల మొదలవుతూ ఇల్లంతా చుట్టింది. నాకు రొమ్ముల దాకా వచ్చింది. ధనమ్మ పొట్టిది. గోడకు ఆనుకుని నిలబడి, తనను చూడమని నవ్వింది. గీత ఆమె గొంతు దగ్గరికి వచ్చింది. నేను చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగేశాను.

నేల చెమ్మ, సముద్రం పక్క ఇళ్లన్నిటికీ ఉంటుందన్నాడు శివరామయ్య. నేల చెమ్మ ఎగుడుదిగుడుగా ఎక్కుతుంది, ఇది నిలిచిన నీళ్లు పెట్టిన గుర్తులా ఉందన్నాను. వదినగారికి పొట్లాల కాగితాలు కూడా చదివే అలవాటు, ఇప్పుడు గోడలు చదువుతున్నారని నవ్వాడు.

బయటికొచ్చి హుస్సేన్ బీని అడిగాను.

“ఎన్నిసార్లు సున్నం కొట్టినా అంతేనమ్మా. ఎండ ముదిరితే మళ్లీ లేచుద్ది” అంది.

చుట్టూ చూశాను. తాటిచెట్లు ఉన్నాయి, అన్నీ లేతవే. పాకలు ఉన్నాయి, ఏదీ పాతది కాదు. మసీదు గోడ కూడా కొత్తదే.

“ఇక్కడ ముసలి చెట్టు ఒక్కటీ కనపడదేం?” అని ఆమెనే అడిగాను.

“ముసలియ్యి లేవమ్మా. ఈ ఇల్లొక్కటే పాతది.”

“మరి అప్పుడున్నవాళ్లు?”

ఆమె చేద బావిలోకి వదిలింది. నీళ్లు తోడి పైకి లాగింది. “నీళ్లు మటుకు కొబ్బరినీళ్లేనమ్మా. తాగి చూడండి” అంది.

నిజమే. ఉప్పు నేలలో అంత తియ్యటి నీళ్లు నేనెక్కడా తాగలేదు. మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేశాను. ఉడక్కూడదని నా జన్మలో మొదటిసారి కోరుకున్నాను. మంట తగ్గించాను కూడా. అయినా కాసేపటికే పప్పు వెన్నలా విడిపోయింది. శివరామయ్య వేళ్లతో నలిపి చూసి, బేరం కుదిరినట్టేనన్నాడు.

ధనమ్మ వాకిట్లో సముద్రం వైపు తిరిగి కూర్చుని ఉంది. నన్ను దగ్గరికి పిలిచింది.

“అక్కయ్యా, నా గుండె మీద చెవి పెట్టు. చప్పుడుందా?”

పెట్టాను. లేదు. చిన్నప్పుడు నా పక్కలో పడుకున్నప్పటి ఊపిరి అది. ఇక నేనేం చెప్పను? తెనాలిలో ఉంటే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఇక్కడ ఏమవుతుందో చెప్పడానికి నా దగ్గర గోడమీది గీత ఒక్కటే ఉంది.

ఆ నెలలోనే వాళ్లు అక్కడికి మారారు. ధనమ్మ మాత్రలు మానేసింది, ఒళ్లు చేసింది. నేను వెళ్లినప్పుడల్లా ముందు గోడలే చూసేదాన్ని. ఏటా సున్నం కొట్టించేవాళ్లు, ఏటా అదే ఎత్తున ఉప్పు లేచేది. ఆ గదుల్లో కూర్చుంటే నా మెడ దానంతటదే పైకి సాగేది, నీళ్లలో నిలబడ్డ మనిషికి సాగినట్టు.

1977లో నాగులచవితికి ఇద్దరూ తెనాలి వచ్చారు. కొత్త ధాన్యం రోజులు, మిల్లులన్నీ ఆడుతున్నాయి. రెండో రోజుకే ధనమ్మకు పిల్లికూతలు మొదలయ్యాయి. సముద్రంలో వాయుగుండం ఉందని రేడియోలో చెప్పారు. ఆదివారం దాకా ఆగమన్నాను. వాయుగుండం ఏటా చెప్పేదే, ఈ ఆయాసం మాత్రం ఇప్పుడే చంపేట్టుందన్నాడు శివరామయ్య. గురువారం పొద్దున రైలెక్కించాను. ధనమ్మ కిటికీ దగ్గర కూర్చుని, మాట్లాడలేక, చెయ్యి ఊపింది.

శనివారం గాలివానతో పాటు ఉప్పెన వచ్చి సముద్రం ఊళ్ల మీద పడింది. అది వెలిశాక నేను రేపల్లె దాకా వెళ్లగలిగాను. అక్కణ్ణించి ముందుకు పోనివ్వలేదు. అటునుంచి నడిచి వస్తున్నవాళ్ల ముఖాలు చూస్తూ రోడ్డు పక్కన కూర్చున్నాను. ఆ గుంపులో హుస్సేన్ బీ లేదు. ధనమ్మ లేదు. శివరామయ్య లేదు.

నా చెల్లెలు ధనమ్మ, మరిది శివరామయ్య 1977 నవంబరు పంతొమ్మిది, శనివారం నాడు పోయారు.