మెహ్జబీన్ చేతి రంగులు

బరంపేటలో మెహ్జబీన్ పొద్దున లేవగానే ముందు చేతులు చూసుకునేది. రాత్రి కలలో ఏ రంగు కనబడితే ఆ రంగు వేళ్ళకి అంటుకుని ఉండేది. స్నానం చేసేదాకా పోయేది కాదు. పాలుపోసే రాజారత్నం గిన్నె అందుకుంటూ, "ఇయ్యాల నెమలి నీలమా అక్కా?" అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా పక్కింటికి పోయేవాడు.

కల గుర్తుండగానే రాసి పెట్టుకుంటే కొత్త ఆలోచనలు పుడతాయని కూతురు ఫరా కాలేజీలో విని, తెల్లకాగితాల పుస్తకం ఒకటి కొనిచ్చింది. మెహ్జబీన్‌కి రాయడమంటే బద్ధకం. రంగు ఆరకముందే వేలితో బొమ్మ గీసేసేది. నీళ్ళలో మెట్లెక్కే నెమలి, మిరపకాయలు కాసిన చంద్రవంక, రెక్కలొచ్చిన బిందె. ఆ తర్వాత మగ్గం ముందు కూర్చుని వాటినే జరీతో పెళ్ళి జాకెట్ల మీద కుట్టేది. స్వాతి బొటిక్‌కి పేరు తెచ్చింది ఆ జాకెట్లే.

ఒకరోజు స్వాతి ఇంటికొచ్చి, "పుస్తకం ఒక్కసారి చూసిస్తానక్కా" అని పట్టుకుపోయింది. పుస్తకమైతే తిరిగొచ్చింది గానీ, ఆ తర్వాత స్వాతి దగ్గర్నుంచి కుట్టడానికి ఒక్క గుడ్డ రాలేదు.

ఎందుకు రాలేదో పల్నాడు రోడ్డులో తెలిసింది. స్వాతి షాపు మీద కొత్త ఫ్లెక్సీ. దాని మీద తన నెమలి. కింద 'స్వాతి కలల కలెక్షన్' అని పెద్ద అక్షరాలు. లోపల కంప్యూటర్ మిషన్ టకటకా అదే నెమలిని కుడుతోంది.

"అది నా కల," అంది మెహ్జబీన్, గుమ్మంలోంచే.

స్వాతి కౌంటర్ దగ్గర్నుంచి లేవలేదు. "కలే కదక్కా. నెమళ్ళు ఎవరి కలలోకైనా వస్తయ్."

"నీళ్ళలో మెట్లెక్కతా వచ్చిందా నీకు? మెడ తిప్పి నన్ను చూసింది. నిన్ను చూసిందా?"

"కస్టమర్లున్నారు. తర్వాత మాట్లాడదాం."

ఇంటికొచ్చి చెబితే, భర్త సర్దార్ బైకు ఇంజను విప్పుకుంటూ, "పోనీలేవే, పెద్దోళ్ళతో మనకెందుకు?" అన్నాడు.

"నీ రెంచీలు, పానాలు ఎవడన్నా ఎత్తుకుపోతే ఇట్టాగే పోనీలే అంటావా?"

ఆ పూట అతనికి అన్నం ఎవరూ పెట్టలేదు.

ఆ కోపంతో ఆమెకి నిద్ర పట్టేది కాదు. పట్టినా కల వచ్చేది కాదు. పొద్దున చూసుకుంటే చేతులు ఉత్త చేతులే. "ఏందక్కా, ఇయ్యాల కూడా ఏం లేదా?" అన్నందుకు రాజారత్నం మొహం మీదే తలుపేసింది. స్వాతి బొమ్మలతో ఊరుకోక కలల్ని కూడా పట్టుకుపోయిందని పళ్ళు కొరికేది.

నిజంగానే పట్టుకుపోయింది. ఒక మధ్యాహ్నం స్వాతి చున్నీ కింద చేతులు దాచుకుని వచ్చింది. చున్నీ తీస్తే, పది వేళ్ళూ పది రంగులు.

"రోజూ నీ కలలే వస్తన్నయ్ అక్కా. నాకేమో గీయడం రాదు. సబ్బెట్టి రుద్దినా పోవట్లా. ఏ పట్టుచీర ముట్టుకున్నా మరకే. చూసినోళ్ళంతా ఇవి మెహ్జబీన్ రంగులు కదా అంటన్నారు." స్వాతి చేతులు ముందుకు చాపింది. "తప్పయింది. అవన్నీ నీ బొమ్మలే."

ఇద్దరూ ఆ చేతులకేసి చూశారు. రంగు ఇసుమంత కూడా తగ్గలేదు.

"నాకు చెబితే ఏమొస్తది?" మెహ్జబీన్ మండిపడింది. "అయ్యి నావని నాకు తెలవదా? అబద్ధం ఎవరికి చెప్పావో పోయి వాళ్ళకి చెప్పు."

మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా పంపించింది. "అమ్మీ, పాపం ఏడుస్తా పోతంది," అంది ఫరా.

"ఏడవనీ. నేను ఏడిస్తే ఆ ఫ్లెక్సీ దించిందా?"

స్వాతి ముందు ఈపూరు పెళ్ళివారికి ఫోన్ చేసి నిజం చెప్పింది. ఒక చిటికెనవేలు తెల్లబడింది. సత్తెనపల్లి ఆమెకి చెబితే ఇంకో వేలు. అలా జాకెట్లు కొన్న ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ పోతే చివరికి బొటనవేళ్ళు మిగిలాయి. వాటి రంగు మాత్రం ఫ్లెక్సీ దించేదాకా వదల్లేదు.

ఈపూరు నుంచి పెళ్ళికూతురి తల్లి ప్రమీలమ్మ తిన్నగా బరంపేట వచ్చి, పట్టుగుడ్డలు మెహ్జబీన్ ఒళ్ళో పెట్టింది. "మిషన్ కుట్టు మాకొద్దమ్మా. కలగన్న చేత్తోనే కుట్టు."

సాయంత్రం స్వాతి ఫోన్ చేసింది. "మళ్ళీ మాకే చెయ్యక్కా. నీ పేరు కూడా వేయిస్తా."

"నీ బోర్డు కింద నేను కూచోను," అని పెట్టేసింది మెహ్జబీన్.

మర్నాడు లేచేసరికి మోచేతులదాకా ఎరుపు. ఎండుమిరప ఎరుపు. కలలో ఏం చూసిందో ఎవరికీ చెప్పలేదు. పుస్తకం తెరవలేదు. తిన్నగా బయటికొచ్చి, వీధిగోడ మీద వేలితో 'మెహ్జబీన్ మగ్గం వర్క్' అని రాయబోయింది.

మొదటి అక్షరం పడిందో లేదో, "కాస్త చిన్నగా రాయొచ్చు గదే, అందరూ చూస్తారు," అన్నాడు సర్దార్ గుమ్మంలో నిలబడి.

ఆమె లోపలికెళ్ళి స్టూలు తెచ్చుకుని, రెండో అక్షరాన్ని మొదటిదానికి రెండింతలు రాసింది.