సన్నమూతి చెంబు

నాచారంలో ఆ ఇంటికి నాలుగు పోర్షన్లు. అందరికీ కలిపి మెట్ల దగ్గర ఒకటే వైఫై డబ్బా. తెల్లారగానే వాకిళ్ళు ఊడ్చి, ముగ్గులేసి, డబ్బా కింద చెంబులు వరస పెట్టేవారు. యాంటెనా కొస నుంచి నెట్ నీలంగా, బొట్లుబొట్లుగా కారేది. నిండిన చెంబు కంప్యూటర్ పక్కన పెట్టుకుంటే, అది ఖాళీ అయ్యేదాకా నెట్ నడిచేది. ఇల్లు డబ్బాకు ఎంత దూరమైతే ఆ ఇంటి చెంబు మూతి అంత సన్నబడేది. రెండు గోడల వెనక ఉండే సారలమ్మ చెంబులోకైతే చిటికెన వేలు కూడా దూరదు.

నల్లా దగ్గరి పద్ధతే ఇక్కడా. ఇంటికో చెంబు, అందరివీ నిండాకే రెండోది. మనిషి లేకపోతే పక్కవాళ్ళే ఆ చెంబును ముందుకు జరపాలి.

ఆ రోజు సారలమ్మ కూతురు హిమజకు ఇంజనీరింగ్ వెబ్ ఆప్షన్ల ఆఖరి రోజు. సాయంత్రం ఐదు దాటితే సీటు లేనట్టే. హిమజేమో సర్టిఫికెట్లు చూపించడానికి పొద్దున్నే బస్సెక్కింది. సారలమ్మకు మాత్రల కంపెనీలో మొదటి షిఫ్టు.

పై పోర్షన్ విక్రమ్ మెట్ల మీదే ఉన్నాడు. వాళ్ళమ్మ దవాఖానాలో ఉన్న మూడు నెలలూ సారలమ్మ చేతి అన్నం తిన్నవాడు.

"నువ్వు పో పెద్దమ్మా, నీ చెంబు నేను జరుపుత. ఫికర్ జేయకు."

రెండున్నరకు ఆమె తిరిగొచ్చేసరికి తన చెంబు పిట్టగోడ మీద బోర్లించి ఉంది. మిగతావాళ్ళు నింపుకుని ఎప్పుడో లోపలికి పోయారు. విక్రమ్ మూడో చెంబు పట్టుకుంటున్నాడు.

"ఏంది బిడ్డా ఇది?"

"ఏం జేయాలె పెద్దమ్మా? నీదొక్కటి నిండేలోపు మావి ఆరు నిండుతయ్. దాన్ని పక్కన పెడితే ఇయ్యాల మస్తు నెట్ వచ్చింది. మొత్తం మీద సూస్తే అందరికీ లాభమే."

"అందరిల నేను లేనా? జరుపుతనంటివి గదరా..."

విక్రమ్ తన చెంబును పక్కకు జరిపాడు.

సారలమ్మ బోర్లించిన చెంబును కొంగుతో తుడిచి, కళ్ళకద్దుకుని, డబ్బా కింద పెట్టింది. తప్పిపోయిన వంతులన్నీ గుర్తున్నట్టు, నెట్ బొట్లు మాని సూదిలోకి దారంలా దిగింది. బయట చుక్క పడలేదు. పై పోర్షన్‌లో మోగుతున్న పాట సగంలో ఆగిపోయింది.

బస్సు దిగి వచ్చిన హిమజ ఆ చెంబు పక్కన పెట్టుకుని కూర్చుంది; ఐదుకు పది నిమిషాలుందనగా ఆప్షన్లు చేరాయి. పదిహేను రోజులకు ఘట్‌కేసర్ దిక్కు కాలేజీలో సీటొచ్చింది.

సారలమ్మ రెండో షిఫ్టుకు మారింది. ఇప్పుడు రోజూ పొద్దున వరసలో తనే నిలబడుతుంది.

"కూసో పెద్దమ్మా, నేను జరుపుత," అంటాడు విక్రమ్, తల దించుకుని.

"తిన్నవా బిడ్డా?" అని మెల్లగా అడుగుతుంది. చెంబు మెడ మీది చెయ్యి మాత్రం తీయదు.