కలర్ జిరాక్స్

"నల్లటిదే తియ్యి. కలర్ల తీసేవు, ముందే చెప్తున్న."

గోధుమ రంగు కవరు ఒకటి కౌంటరు మీద పడేసి, స్టార్టులోనే ఉంచిన బండెక్కి భూపాల్ కటింగు షాపుకు వెళ్ళిపోయాడు. పన్నెండింటికి మంచిర్యాలలో అతనికి ఇంటర్వ్యూ.

కోర్టు రోడ్డులో యమునది ఒక్క షట్టరు షాపు. జిరాక్స్, టైపింగ్, లామినేషన్. గోదావరిఖని మనుషుల పుట్టుకలూ చావులూ, గనిలో ఎక్కిన నౌకరీ, దిగిన నౌకరీ అన్నీ ఆ మిషను గాజు మీద బోర్లా పడుకుని లేవవలసిందే. పొద్దున్నే లేచి అత్త సారవ్వకు జావ కాచి, కూతురికి డబ్బా కట్టి, భర్త షర్టు ఇస్త్రీ చేసి, బూట్లు మెరిసేదాకా రుద్ది, తొమ్మిదింటికల్లా వచ్చి షట్టరెత్తుతుంది. దీన్ని భూపాల్ టైంపాస్ అంటాడు. "మా ఇంటామె టైంపాసుకు పెట్టుకున్నది" అని దోస్తులకు నవ్వుతూ చెప్తాడు. ఆయనగారు ఫౌజులో సిపాయిగా పదిహేడేళ్ళు చేసి రెండేళ్ళ కింద రిటైరై వచ్చాడు. వచ్చినప్పటి నుంచి సెక్యూరిటీ నౌకరీలకు పదకొండు చోట్ల దరఖాస్తు పెట్టాడు. పెట్టాడు అనడం మర్యాదకు. టైపు చేసింది యమున, ఫొటో అంటించింది యమున, వెనకాల కాగితాలు జత చేసింది యమున. సంతకం చేయవలసిన చోట ఆమె పెన్సిలుతో చిన్న గుర్తు పెడితే, అతను ఆ గుర్తు మీద సంతకం గీకి ఇచ్చేవాడు. ఒక్క అక్షరం చదివిన పాపాన పోలేదు.

నల్ల కాపీ ఎందుకంటే, ఫౌజులో చిన్న తప్పు చేస్తే నల్ల సిరాతో రాస్తారు, గట్టి శిక్ష పడితే ఎర్ర సిరాతో రాస్తారు. భూపాల్ సర్వీసు కాగితాల్లో ఎర్ర సిరా ఉంది. కానీ నల్ల జిరాక్సులో ఎరుపు కూడా నలుపే అవుతుంది. తేదీలు లేని ఉత్త సెక్షన్ల నంబర్లు ఎవరికి అర్థమవుతాయి? ఎరుపు కనపడకపోతే చాలు, చూసేవాడు పేజీ తిప్పేస్తాడు. ఈ కిటుకు భూపాల్‌ది. మిషను మాత్రం యమునది, మీట నొక్కిన వేలూ ఆమెదే. ఎందుకు నొక్కిందంటే, ఆ ఎర్ర సిరా తన వల్లనే పడిందని ఆమె తొమ్మిదేళ్ళుగా నమ్ముతోంది.

కూతురు పుట్టినప్పుడు భూపాల్ సెలవు మీద వచ్చాడు. వెళ్ళేరోజు పచ్చి బాలింత యమున, పాలు పడక ఏడుస్తున్న పిల్లను ఒళ్ళో పెట్టుకుని, "ఇంకో రెండ్రోజులుండు" అంది. ఉన్నాడు. అంతే కథ. ఆ తర్వాత మూడేళ్ళకు తన వెనకాల చేరినవాళ్ళకు ప్రమోషన్ వచ్చి తనకు రాకపోయేసరికి, "నీ పురిటికొచ్చి, నువ్వు ఉండుమంటె ఉండి, నెత్తిమీద ఎర్ర సిరా పోసుకున్న" అన్నాడు ఫోనులో. ఆ మాట సారవ్వ నోట పడింది. సారవ్వ నోట పడిన మాట మళ్ళీ కింద పడదు. "దీని రెండ్రోజుల ముచ్చట నా కొడుకు నౌకరిని తిన్నది" అని పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, నల్లా దగ్గర చెప్పింది. ఆడబిడ్డ రమ, "వదినె ఏడ్పుకు గంత పవరుంటదనుకోలే" అని నవ్వింది. ఇంటికొచ్చిన చుట్టాన్ని యమున ఉండమంటే, "అమ్మో, ఉంటె నౌకర్లు ఊడుతయి" అని రమ మొగుడు చెప్పులేసుకునేవాడు. అందరూ పగలబడి నవ్వేవారు. ఆ నవ్వులకు జడిసి యమున చివరికి కన్నతల్లిని కూడా "ఇంకో దినం ఉండవ్వా" అనడం మానేసింది. ఆ ముసలామె బిడ్డకు తన మీద మోజు తగ్గిందనుకుని పొద్దుటి బస్సుకే వెళ్ళిపోయేది. 

ఈసారి నల్ల కాపీ ఒక్కటే సరిపోలేదు. మంచిర్యాల ఏజెన్సీ ఒక రిటైర్డ్ మేజర్‌ది. ఫౌజు కాగితం ఫౌజువాడికి కొత్త కాదు గనక, రికార్డాఫీసు నుంచి తేదీలతో సహా శిక్షల షీటు తెమ్మన్నాడు. శిక్ష ఎందుకు పడిందో రాసిమ్మన్నాడు. ఇంటి ఇబ్బంది వల్ల పడితే భార్య చేత నోటరీ అఫిడవిట్ తెమ్మన్నాడు. కలర్ వద్దనడం భూపాల్ పాత అలవాటే తప్ప ఇంకేం కాదు.

నిన్న అన్నాల దగ్గర సారవ్వ తీర్పు చెప్పింది. "నీ వల్ల పడ్డ మచ్చ. నువ్వే తుడువాలె."

"నా పురుడు కష్టమై నా భర్త సెలవు దాటి ఉండిండని రాయి. ఒక సంతకమే గద, నీ ఆస్తులేం పోతయి?" అన్నాడు భూపాల్, చారు వంపుకుంటూ.

యమున సరేనంది. ఇన్నాళ్ళూ నోటిమాటగా ఉన్న నిందకు రేపు స్టాంపు పడుతుంది, తన సంతకంతో తన తప్పే అవుతుంది. అయినా సరేనంది. తప్పు చేసినదాన్ననే నమ్మకం అంత గట్టిది.

కంప్యూటరు ముందు కూర్చుని టైపు చేయడం మొదలుపెట్టింది. "నేను, యమున, భర్త పేరు భూపాల్, ప్రమాణం చేసి తెలియజేయునది ఏమనగా..." దాకా వేళ్ళు వాటంతటవే నడిచాయి. తరువాత ఎన్నో తేదీ నుంచి ఎన్నో తేదీ వరకు సెలవు దాటాడో వెయ్యాలి. తేదీల కోసం కవరు విప్పింది.

షీటు మీద ఎర్ర సిరా రెండు చోట్ల ఉంది. ఇంగ్లీషు కుదించిన మాటలు, సెక్షన్లు. కానీ అంకెలు ఏ భాషలోనైనా అంకెలే. 2015 అక్టోబరు 3. నవంబరు 1. నవంబరు 25. యమున మళ్ళీ చూసింది. కూతురు పుట్టింది 2013 జూన్‌లో. ఆ ఏడాదికి షీటు మీద ఎర్ర గీతా లేదు, నల్ల గీతా లేదు.

ఎదురు బ్యాంకులో గార్డు రాయమల్లు కాక ఆధార్ కాపీ కోసం అప్పుడే వచ్చాడు. ఆయనా ఫౌజే, హవల్దారుగా దిగినవాడు. యమున షీటు ఆయన ముందు పెట్టింది.

"కాకా, గిదేందో జెర చదివి చెప్పు."

ఆయన అద్దాలు పెట్టుకుని వేలితో గీస్తూ చదివాడు. "ఇది తాగి డ్యూటీ ఎక్కినందుకు. గీ పైది సెలవు దాటినందుకు. అక్టోబర్ మూడు నుంచి నవంబర్ ఒకటి దాంక సెలవిచ్చిన్రు. ఇరవై అయిదుకు పోయి హాజరైండు. ఇరవై నాలుగు రోజులు ఎక్కువ. పద్నాలుగు దినాలు లోపలేసిన్రు."

"రెండ్రోజులు ఎక్కువుంటె పడ్డది గాదా ఇది?"

"రెండ్రోజులకు ఎర్ర సిరా ఎవడు ఖర్చు చేస్తడు బిడ్డా? మందలిచ్చి ఇడుస్తరు." కాగితం తిరిగిచ్చి నవ్వాడు. "దీనికి భయపడుడెందుకు? నాకూ రెండున్నయి. ఈ బ్యాంకుల చేరేటప్పుడు చేసింది చేసినట్టు చెప్పిన. ఇచ్చిన్రు. నాతోటోళ్ళు దాచిపెట్టి దొరికి, ఒక్కొక్కడు మూడు నౌకర్లు పోగొట్టుకున్నడు. నౌకరి సిరాతోని పోదు బిడ్డా, దాచుడుతోని పోతది."

ఆయన వెళ్ళిపోయాక యమున షీటు మీద నవంబరు ఒకటికీ ఇరవై అయిదుకూ మధ్య వేలు పెట్టింది.

2015 నవంబరు 9. దీపావళికి రెండు రోజుల ముందు. నాన్న సదయ్య, ముప్పై ఒక్కేళ్ళు భూమి లోపల బొగ్గు కొట్టిన మనిషి, గుండె ఆగి పోయాడు. కొడుకుల్లేరు. ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దల్లుడు భూపాల్ కొరివి పెట్టాలన్నారు. నేను పెడతానని యమున ముందుకొస్తే, "సిపాయి అల్లుడుండంగ ఆడిపిల్ల కొరివి పట్టుడేంది? లోకం నవ్వదా?" అని మూల కూర్చోబెట్టారు. శవాన్ని ఐసు పెట్టెలో ఉంచి సాయంత్రం దాకా ఫోన్లు చేశారు. చివరికి భూపాల్ ఎత్తాడు. "బార్డర్ల ఉన్న. లీవు ఇస్తలేరు. నేనేం జెయ్యాలె?" అన్నాడు. వరసకు తమ్ముడయ్యేవాడొకడు కొరివి పట్టాడు. మూడోనాడు పిట్టకు పెట్టిన కూడు ఎంతసేపటికీ కాకి ముట్టకపోతే, "పెద్దల్లుని కోసం సూస్తున్నడు" అన్నారు. అప్పుడు యమున అందరి ముందూ తలెత్తి, "దేశం కాపలా కాసెటోనికి సెలవెవరిస్తరు?" అంది. గర్వంగా అంది. తన మొగుడి తరఫున తండ్రి ఆత్మకే సంజాయిషీ చెప్పింది.

ఆ రోజు అతను బార్డరులో లేడు. సెలవు అయిపోయినా పల్టనుకు పోలేదు. ఆ ఏటి బతుకమ్మకు ఆమె చంకలో పిల్లతో ఒక్కతే పూలు పేర్చుకుంటున్నప్పుడైతే సెలవులోనే ఉన్నాడు. యాభై రోజుల పైమాట, ఈ దేశంలోనే ఎక్కడో ఉన్నాడు. ఇంటికి మాత్రం రాలేదు.

ఎక్కడున్నావని అడగాలా? అడిగితే ఏదో ఒకటి చెప్తాడు. ఆ చెప్పినదాన్ని ఆమె మళ్ళీ తొమ్మిదేళ్ళు మోయాలి. అక్కర్లేదు. ఇంకో సంగతి ఆమెను ఎక్కువ మండించింది. ఈ కవరును అతనే తెచ్చి, ఆమె చేతికే ఇచ్చి పోయాడు. చూస్తుందని కూడా భయపడలేదు. చెప్పీ చెప్పీ ఆ అబద్ధం అతనికే నిజమైపోయిందో, లేక ఈమె చూసినా ఏం చేస్తుందిలే అనుకున్నాడో. రెండోదే అయ్యుంటుంది. యమునకు ఏడుపు రాలేదు.  అత్త గొంతు, రమ నవ్వు, దాని మొగుడి చెప్పుల చప్పుడు, తల్లి ఎక్కిన పొద్దుటి బస్సు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడి, ఏం చేస్తావన్నట్టు చూశాయి.

చేసింది. ముందు రాసినదంతా చెరిపేసి కొత్తగా టైపు చేసింది. కూతురు పుట్టిన తేదీ వేసింది. తన మాట మీద భర్త రెండు రోజులు ఎక్కువున్నాడనీ, దానికి ఏ శిక్షా పడలేదనీ రాసింది. 2015 అక్టోబరు 3 నుంచి నవంబరు 25 దాకా అతను పల్టనులోనూ లేడు, ఇంటికీ రాలేదు, నవంబరు 9న పిల్లనిచ్చిన మామ చనిపోతే సెలవు దొరకలేదన్నాడని రాసింది. "కావున ఆయన సెలవు దాటడానికి నేను గానీ నా పురుడు గానీ కారణం కాదు. ఆ రోజుల్లో ఆయన ఎక్కడున్నాడో నాకు తెలియదు." కూతురి పుట్టిన సర్టిఫికెట్టు, తండ్రి చనిపోయిన సర్టిఫికెట్టు షాపు సొరుగులోనే ఉన్నాయి. రెండూ జత చేసింది.

పక్క షట్టరు నోటరీ లింగమూర్తి సారు చదివి, అద్దాల మీది నుంచి చూశాడు. "అమ్మా, ఇది నీకు తెలిసే రాసుకున్నవా? మీ ఇంటాయన నౌకరికేనా ఇది?"

"నేనే టైపు చేసిన సార్. ఒక్క అక్షరం అబద్ధముంటె స్టాంపు వెయ్యకున్రి."

ఆయన స్టాంపు వేశాడు.

తిరిగొచ్చి శిక్షల షీటును గాజు మీద బోర్లించింది. నలుపు మీట మీద వేలు ఒక్క క్షణం అలవాటుగా ఆగింది. తర్వాత పక్క మీట నొక్కింది. మిషనులోంచి కాగితం వెచ్చగా బయటికొచ్చింది. ఎరుపు ఎర్రగానే పడింది.

పదకొండింటికి భూపాల్ వచ్చాడు. కటింగు, సెంటు, ఆమె రుద్దిన బూట్లు.

"అంత మంచిగ రాసినవా?"

"ఉన్నదున్నట్టు రాసిన. ఒకసారి చదువుకో."

ఆమె ఆ మాట నిజంగానే అంది. కవరు అతని ముందు తెరిచి పట్టుకుంది కూడా. అతను కాగితాల అంచులు చూసి, "నేను చదువుడేంది, గుర్తు ఏడ వెట్టినవో చెప్పు" అన్నాడు.

"ఇందుల నీ సంతకం లేదు. నాదే."

"ఇంకేం మరి!" అని కవరు చంకలో పెట్టుకుని బండెక్కాడు. దరఖాస్తుల జీవితంలో అతను చదవకుండా మోసుకుపోయిన పన్నెండో కట్ట అది.

ఒంటిగంట దాటాక అతని ఫోన్లు మొదలయ్యాయి. ఆరుసార్లు మోగింది. యమున గిరాకీలు చూసుకుంది. గిరాకీ లేని సందుల్లో, పొద్దున తన దగ్గర ఉంచుకున్న షీటు కాపీని గాజు మీద పెట్టి మళ్ళీ ఆ కలర్ మీట నొక్కింది. రమకు ఒకటి. రమ మొగుడికి ఒకటి. కొరివి పట్టిన తమ్ముడికి ఒకటి. తల్లికి ఒకటి. ఆ రెండ్రోజుల మాట ఎవరెవరి నోట విన్నదో, ఎవరెవరు ఆ మాట విన్నారో, లెక్క తప్పకుండా అందరికీ తీసి, ప్రతి దాని వెనకా తండ్రి చావు సర్టిఫికెట్టు పిన్ను కొట్టింది.

ఏడోసారి ఫోను సారవ్వది. ఎత్తింది.

"ఏం రాసిచ్చినవే? ఆ మేజరు నా కొడుకును నలుగుట్ల నిలవెట్టి, పెండ్లాం తోని గూడ అబద్ధమాడెటోన్ని గేటు కాడ ఎట్ల నిలవెడుత అన్నడట! వాని నోట్లె మన్ను కొడితివి గదనే!"

"మచ్చ తుడువుమన్నవు గదా అత్తా. తుడిచిన. నా మీదిది."

"ఇంటికి రా, నీ కత జెప్త!"

లామినేషన్ మిషను ఎర్ర దీపం పోయి పచ్చ దీపం వెలిగింది. యమున భుజంతో ఫోను నొక్కిపట్టుకుని, రెండు ప్లాస్టిక్ పొరల మధ్య కాగితాన్ని సర్ది లోపలికి తోసింది.

"వస్తున్న అత్తా, పది నిమిషాలు. నీకు చదువు రాదని ఫికర్ చెయ్యకు, ఎరుపు కండ్లకు కనవడ్తది. నీకొక్కదానికి లామినేషన్ చేస్తున్న. గోడ మీద నీ కొడుకు ఫౌజు వర్దీ ఫొటో ఉన్నది సూడు, దాని పక్కకు మేకు నేనే కొడ్త."