రింగు తీసిన టేపు

"కుండ కింద కుదురు లాగేస్తే పెరుగెక్కడ నిలబడుద్దే అమ్మాయ్?" అంది మేరమ్మ.

"అది కుదురు కాదత్తయ్యా."

"గుండ్రంగా ఉంది, కుండ ఆగుతోంది. కుదురంటే ఇంకేంటి?"

ప్రేమావతి ఆ పసుపుపచ్చ ప్లాస్టిక్ రింగును మళ్ళీ కుండ కిందికి తోసింది. పెళ్ళికి ముందు హైదరాబాదులో కంప్యూటర్ కేంద్రంలో పనిచేసినప్పటిది అది. కంప్యూటర్ లెక్కలు దాచే టేపు చుట్ట వెనక ఆ రింగు ఉంటేనే యంత్రం టేపు మీద కొత్తది రాస్తుంది. తీసేస్తే ఉన్నది చదవడమే, చెరపడం ఉండదు. ఉద్యోగం మానేసిన రోజు స్నేహితురాలు ప్రమీలారాణి దాన్ని గాజులా ఆమె చేతికి తొడిగి పంపింది. "టీచరుద్యోగమైతే సరే, రాత్రి డ్యూటీలేంటి? చర్చిలో ఏమనుకుంటారు?" అని పెళ్ళిచూపుల్లో అన్నాడు సుందరరాజు. హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆ మాటలో తప్పుందని అప్పుడామెకు తోచలేదు.

ఆ మధ్యాహ్నమే, ఊళ్ళో ఫోనున్న ఆదిశేషయ్య గారి రైసుమిల్లు నుంచి మనిషి వచ్చాడు, అమ్మగారికి ట్రంకాల్ అని. సుందరరాజు కూడా వెంట వచ్చి, ఫోనులో మాటలు వినపడేంత దగ్గరగా నిలబడ్డాడు.

"ప్రేమా, సిస్టం కూలిపోయింది," అంది ప్రమీలారాణి. "పిల్లల పరీక్ష మార్కుల ఫైలు డిస్కులో కనపడట్లేదు."

"టేపులున్నాయిగా?"

నిన్నటి నకలు కొడుకు టేపు, మొన్నటిది తండ్రి, అటుమొన్నటిది తాత. ఒకటి పోతే ఇంకొకటి. అక్కడి పద్ధతి అది.

"కొడుకుని ఎక్కించాం, చెరిగిపోయింది. తండ్రిని ఎక్కించాం, అదీ పోయింది."

"రింగులు తీశారా?"

"కంగారులో మర్చిపోయాం."

"తాత టేపు ముట్టుకోవద్దు. తప్పు టేపుల్లో లేదు, తిప్పే యంత్రంలో ఉంది. రింగు తీసి, వేరే యంత్రంలో చదవండి. తర్వాత చేరినవి చిల్లుల కార్డుల నుంచి మళ్ళీ వేసుకోవాలి."

"ఆ ఫైలు అమర్చింది నువ్వు. మాకెవరికీ అంతుపట్టట్లేదు. వచ్చెయ్ ప్రేమా, మళ్ళీ చేర్చుకుంటామంటున్నారు."

"ఇంట్లో అడిగి చెబుతాను," అంది ప్రేమావతి.

తిరిగొస్తూ సుందరరాజు నవ్వాడు. "తాత, తండ్రి, కొడుకు. మరి అమ్మ టేపు లేదా?"

ఒకప్పుడు ఆమె కూడా ఆ మాటకే నవ్వేది. ఇప్పుడు ఇంటిదాకా తల వంచుకుని నడిచింది. ఈ ఇంట్లో రింగు తీయని టేపులాగే బతికింది తను. కాఫీలో చక్కెర ఎంతో, చీర ఏ రంగో, ఏ పాట కూనిరాగం తీయవచ్చో, ఒక్కొక్కటే వచ్చి పాతదాని మీద రాసుకుపోయాయి. "మా ఇంట్లో అలా కాదు" అని అత్తయ్య, "నీకెందుకివన్నీ" అని ఆయన. ఎవరూ గట్టిగా అరవలేదు, చేయి చేసుకోలేదు. అందుకే ఏం పోయిందో ఎవరికీ చెప్పుకోలేకపోయింది. కందిపప్పు ఏరుతూ పాత కంప్యూటర్ సంకేతాలు గుర్తు తెచ్చుకోబోతే సగంలో ఆగిపోయేవి. లోపల ఇంకేమీ మిగల్లేదనే అనుకుంది. ఇవాళ ఫోనులో మాత్రం తను ఆలోచించే లోపే నోరు జవాబు చెప్పింది. అయినా చెరిగిపోయింది తిరిగి రాదు. ఆ సంగతి ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? మిగిలినదాన్ని కాపాడుకోవడమే ఉంది.

రాత్రి సుందరరాజు ప్రార్థన ముగించాక ఆమె వడ్డించింది.

"మెషీనుకి జొరమొస్తే మన కోడలెళ్ళి తడిగుడ్డ వెయ్యాలంటనా?" అంది మేరమ్మ.

"అడిగి చెబుతానందిగా. వీలుపడదని రేపు నేను ఫోన్ చేస్తాలే," అన్నాడు సుందరరాజు, అన్నంలో గుంట చేసుకుంటూ. "పెరుగెయ్యి."

"అడగట్లేదండీ, చెబుతున్నాను. రేపు మొదటి బస్సుకి వెళ్తున్నా. ఉద్యోగంలో చేరతాను."

అతని చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. ప్రేమావతి అతనికి పెరుగు వేసింది. తర్వాత కుండ కాస్త ఎత్తి, కింది రింగు తీసుకుని, కుండని ఉత్త నేల మీద పెట్టింది. గుండ్రటి అడుగు నిలవక కుండ మెల్లగా ఒరిగింది.

ఆమే పట్టుకుంటుందని ఇద్దరూ అలవాటుగా ఆమె చేతులకేసే చూశారు.