నిద్ర పట్టనివ్వని పాటలు

దస్తగిరమ్మ తడిగుడ్డతో కంప్యూటరు మీది సిమెంటు దుమ్ము తుడిచింది. ఎర్రగుంట్లలో ఫ్యాక్టరీ గేటు ముందరి అంగడి; పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ తెల్లగా పేరుకుంటుంది. తుడుస్తూనే గోడకున్న నెట్టు డబ్బా వైపు చూసింది. నిన్నటి ఎర్రదీపం ఇంకా అట్లాగే వెలుగుతోంది.

"ఇంగ రాదంటలేమ్మా," అన్నాడు లారీ డ్రైవరు ఓబుళేశు, పెన్‌డ్రైవు ఆడిస్తూ. "కొత్త చట్టమంట. పాటలు దొంగతనంగా దించుతాండారని అనుమానమొస్తే సాలు, ఏడాది దాకా నెట్టు కోసేస్తారంట."

"అడిగేది లేదు, చెప్పేది లేదు? పోలీసులొస్తారేమోరా?"

"నీ పాత కంప్యూటరు మోసేకి వాళ్లకు ఓపిక యాడిది?"

ఆమెకు నవ్వు రాలేదు. భర్త వలి సాహెబ్ కూడా లారీ డ్రైవరే. మైదుకూరు దారిలో, టేపు చెడిపోయిన ట్రిప్పులో, స్టీరింగు మీద కునుకు పట్టి పోయాడు. ఆ తర్వాతే ఈ అంగడి పెట్టింది. క్యాసెట్లు పోయి మెమరీ కార్డులొచ్చినా, అవీ పోయి పెన్‌డ్రైవులొచ్చినా ఆమె పద్ధతి ఒకటే. ఎవరేమడిగినా రెండు మెత్తని పాటల వెనక, డప్పు దద్దరిల్లే పలకల పాట ఒకటి దూర్చేది.

"జోలపాట నడుమ ఈ పలకలేందమ్మా, ఉలిక్కిపడి సస్తాండాం!" అని ఓబుళేశు నాయన బసవన్న గొడవపడేవాడు.

"ఉలిక్కిపడు నాయనా, సావొద్దు," అనేదామె. ఆ కాలంలో ఈ గడప ముందర లారీలు బారులు తీరేవి.

"రోంత పాతవైనా ఎక్కియ్యి," అన్నాడు ఓబుళేశు.

"యాడుండాయిరా? నిన్న దీపం చూసి భయమై అన్నీ తుడిపేస్తి." "ఘాటురోడ్డులో ఫోనుగూడా పలకదు. ఒట్టి చేతులతో ఎట్ల పోతావు? కన్ను మూతపడితే?"

"నువ్వే మాట్లాడు మల్ల. నీ తిట్లకు ఎవురికి నిద్రొస్తాది? నీ నోటికి ఏ చట్టం అడ్డమొస్తాది?"

ఆమె అతని పెన్‌డ్రైవు కంప్యూటరుకు గుచ్చి, మాటలు రికార్డు చేసేకి మైకు ముందరికి జరిగింది. "ఓబుళేశా, కండ్లు తెరువు," అని మొదలుపెట్టింది. బసవన్న మొండితనం, వలి సాహెబ్ కట్టుకున్న ఎర్ర రుమాలు, టీ తాగుతూ పాటల కోసం కొట్లాడుకున్న డ్రైవర్లు, అందరూ ఆ మాటల్లోకి వచ్చారు. రెండు కథలు కాగానే ఆగి, అరచేత్తో బల్లమీద దబదబా చరిచింది. మళ్లీ రెండు కథలు, మళ్లీ దబదబ.

పొద్దు వాలేసరికి లారీ కదిలింది. "నిదానంగా పో నాయనా!" అని ఆమె అరిచింది, ఆ మాట పెన్‌డ్రైవులో అప్పటికే ఎన్నిసార్లు చెప్పిందో మరిచిపోయి. లోపలికొచ్చి కంప్యూటరు మీద పాత చీర కప్పింది. రేపటి నుంచి ఈ తలుపు తీసే పనిలేదు.

బల్లమీద, చరిచిన చోట దుమ్ములో అరచేతి ముద్ర. దాని పక్కనే ఓబుళేశు మరిచిపోయిన నీలం మూత, పెన్‌డ్రైవుది.