మధ్యాహ్నం పన్నెండింటి పిలుపు

చూరు మీద పేరుకున్న పైన్ ఆకులు ఊడ్చెయ్యాలి. కారు నిండా పెట్రోలు కొట్టించి, ముందుభాగం రోడ్డువైపు ఉండేలా పెట్టాలి. డేల్ ఆక్సిజన్ సిలిండర్లు రెండూ తలుపు పక్కనే ఉంచాలి. ఇంటి కాగితాలు ఒక సంచిలో వెయ్యాలి. ఫైరువాళ్ల రేడియో మాటలు వినిపించే స్కానర్ కొనాలి.

మే నెలాఖరుకి వర్నా చివరిది తప్ప అన్నీ చేసింది. పోయినేడు కార్చిచ్చులో మొట్టమొదట కాలింది సెల్ టవరే. ఒక్క ఫోనుకీ హెచ్చరిక రాలేదు. కొండ దిగడానికి ఉన్నది ఒకటే రోడ్డు. మొగుడు డేల్ ఏమో పది అడుగులు వేస్తే ఆయాసపడే మనిషి. ఆలస్యమైతే అతన్ని దించలేనన్న భయం ఆమెను నిద్రలోనూ వదల్లేదు.

ఎమెట్ రేడియో కొట్లో అన్నిటికన్నా ఖరీదైన పెట్టె మీద చెయ్యి వేసిందామె. ఎనభయ్యేళ్ల ఎమెట్ నవ్వాడు.

"దీంతో ఏం చేస్తావమ్మాయ్, విమానాలు దింపుతావా? మన కౌంటీ ఫైరింజన్ల వాళ్లు ఇంకా పాత పద్ధతిలోనే మాట్లాడుకుంటున్నారు. నీకు ఈ చిన్నది చాలు. కరెంటు పోయినా బ్యాటరీల మీద నడుస్తుంది."

చానళ్లు తనే నింపి, కాగితం మీద రాసిచ్చాడు. తర్వాత ఒక మీట మీద వేలు పెట్టాడు.

"ఇది నొక్కితే అప్పుడు మోగుతున్న చానల్‌ని వదిలేసి మిగతావే వింటుంది. మొదటి చానల్ ఫైరువాళ్లది. రోజంతా వాగుతూనే ఉంటుంది, విసుగొస్తుంది. అయినా దాని మీద ఇది నొక్కొద్దు. మా ఇంట్లో నేను నొక్కాను." వేలు మీట మీంచి తీసేశాడు. "పోయినేడు మంటొచ్చిన రోజు నేనిక్కడున్నాను. మా ఆవిడ ఓపల్ ఇంట్లో ఉంది. స్కానర్ ఏమీ అనలేదు కదా అని అలాగే కూర్చుంది."

వర్నా చిన్న పెట్టె అందుకుంటుంటే ఎమెట్ ఇంకో మాట చెప్పాడు.

"రోజూ పన్నెండింటికి ఆ మొదటి చానల్లో పరీక్షగా ఒక పిలుపు ఇస్తారు. అది వినపడకపోతే అంతా బాగుందనుకోకు. నీ పెట్టెకి చెవుడొచ్చిందనుకో."

ఆగస్టులో ఒక రోజు పొద్దుట్నుంచీ పొడిగాలి. తలుపులు దబదబా కొట్టుకుంటున్నాయి. వర్నా బీన్స్ వేడి చేస్తూ గడియారం చూసింది. పన్నెండుంపావు. స్కానర్లో రోడ్ల మరమ్మతు వాళ్లు ఏదో మాట్లాడుకుంటున్నారు. పరీక్ష పిలుపు మాత్రం రాలేదు. కిటికీలోంచి బల్ల మీద పడే ఎండ నారింజ రంగుకు తిరిగింది. ఆమె పొయ్యి ఆపేసింది.

"డేల్, దీన్ని ముట్టుకున్నావా?"

"పొద్దున కాస్త నోరు మూయించాను. దాని పుణ్యమా అని రెండు గంటలు కునుకు తీశాను. ఏం, నేరమా?"

"ఏ మీట?"

చూపించాడు. ఆమె మళ్లీ నొక్కింది. ఒక ఆడమనిషి గొంతు గదిలోకి దూకింది: "...మంట వాగు దాటింది. ఎగువ ఇళ్లన్నీ ఖాళీ చేయించండి. ఇరవై నిమిషాల్లో వంతెన మూసేస్తున్నాం..."

డేల్ మొహం పాలిపోయింది. "వర్నా, నేను..."

"తర్వాత ఏడుద్దువుగాని. లే!"

సిలిండర్లు, సంచి, కారు. పొగలో రోడ్డు అంచు కనపడలేదు. రోడ్డు మధ్య గీతనే నమ్ముకుని నడిపింది. డేల్ స్కానర్ను ఒళ్లో పెట్టుకుని, ఏ మీటా తగలకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. వంతెన దగ్గర ఫైరు మనిషి చెయ్యి ఊపి పంపేశాడు. వాళ్ల వెనక మరో మూడు కార్లు వచ్చాయి. తర్వాత ఎవరూ రాలేదు.

ఇల్లు మిగల్లేదు. ఇప్పుడు అద్దింట్లో పన్నెండు కావస్తుంటే ఇద్దరూ మాటలాపేస్తారు. పిలుపు వినపడేదాకా వర్నా గుండె దడ తగ్గదు. వినపడగానే డేల్ ఓపల్ పేరు మీద టోపీ తీస్తాడు.

మీరూ ఎప్పుడైనా స్కానర్ కొంటే, ఆ వాగుడు భరించలేక వేలు మీట మీదకి పోతే, ఒక్క క్షణం ఓపల్‌ను తలుచుకోండి.