వాడకంలో పొరపాటు

“మూడేళ్ళలో ఒక్కటంటే ఒక్క ఇబ్బంది పెట్టలేదు, అని మొదలుపెట్టు” అన్నాడు భర్త, అద్దంలో గడ్డం నిమురుకుంటూ.

ఆమె ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసి, అతని చొక్కా పక్కకి జరిపి, ఆ బల్ల మీదే లాప్‌టాప్ తెరిచింది. పెద్ద బండ్ల యజమానుల సంఘం ఒకటుంది. కొండలూ వాగులూ ఎక్కి దిగే ఖరీదైన బండ్లు కొనుక్కుని, వారమంతా ఫోన్లలో వాటిని పొగుడుకుంటూ, శనివారం వచ్చేసరికి బురద ఎక్కడుందో వెతుక్కుంటూ పోయే మగవాళ్ళ సంఘం. అందులో ఇతనికి ‘కొండలరాజు’ అని పేరు. సంఘం వాళ్ళు ఏడాదికోసారి వేసే సంచికలో ఈసారి ‘నమ్మకమైన బండి, ఒక యజమాని అనుభవం’ అంటూ కొండలరాజుగారి వ్యాసం రావాలి. కొండలరాజుగారికి వాగు దాటడం వచ్చు గానీ నాలుగు వాక్యాలు వరసగా రాయడం రాదు. అందుకని ఆయన గడ్డం చేసుకుంటూ చెబుతాడు, ఆవిడ రాస్తుంది. కింద పేరు ఆయనది. ఇంతకుముందు గ్రూపులో పెట్టిన ఆరు వ్యాసాలూ అలా రాసినవే.

ఒక్క ఇబ్బందీ పెట్టలేదు అని ఆమె టైపు చేసేసింది కూడా. వేళ్ళు తడబడలేదు. తర్వాత తలుచుకుంటే అదే ఆమెకి ఆశ్చర్యంగా తోచింది. ఎందుకంటే సరిగ్గా ఆ నిమిషానే కిటికీలోంచి చూస్తే వాకిట్లో ఆ బండి, ముందు ఎడమ చక్రం మీదకి ఒరిగి, ఒళ్ళు తూలినదానిలా కనిపిస్తోంది. స్ప్రింగుల బదులు గాలి సంచుల మీద నిలబడే బండి అది. ఎక్కడో సన్నగా గాలి పోతే తెల్లారేసరికి నేలకి కూలబడుతుంది.

“బండి మళ్ళీ కూర్చుంది” అందామె.

“నిన్న కూరగాయలకి నువ్వే కదా తీసుకెళ్ళావు” అన్నాడతను. అంతే. కోపంగా కూడా అనలేదు. వాన పడితే గొడుగు తీసినంత మామూలుగా అన్నాడు. చొక్కా తొడుక్కుంటూ ఇంకో మాట కూడా చెప్పాడు. ఎలాగూ సర్వీసు సెంటరుకి వెళ్తుంది కాబట్టి, మూడేళ్ళ రికార్డు మొత్తం ప్రింటు తీయించుకు రమ్మన్నాడు. వ్యాసం కింద ఆధారంగా వేస్తే గ్రూపులో ఒక్కడూ నోరెత్తడట. ఆఫీసు వాళ్ళు పంపే కారు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయాడు. సోమవారం నుంచి శుక్రవారం దాకా అతనికి ఆ కారు ఉంది. పెద్దబండి శనివారానికి సిద్ధంగా ఉంటే చాలు. ఈ రోజు శుక్రవారం. సిద్ధం చేసి పెట్టవలసింది ఎవరో వేరే చెప్పాలా?

ఆమెకి ఒకప్పుడు ఒక చిన్న కారు ఉండేది. పదకొండేళ్ళు నడిపింది. ఆ పదకొండేళ్ళలో అది ఒక్కసారే నడిరోడ్డు మీద ఆగింది, అదీ పెట్రోలు అయిపోయి. పెద్దబండి వచ్చిన నెలలోనే ఇంట్లో రెండెందుకంటూ దాన్ని అమ్మేశారు. అప్పటినుంచి ఆమెకి తల ప్రాణం తోకకి వచ్చింది. ఒక రోజు స్టీరింగు పక్కనున్న తెర నల్లబడిపోతుంది. ఒక రోజు చిన్న ఎత్తు ఎక్కుతూనే గేరు పట్టేసి, వెనకున్న లారీలన్నీ హారన్లు కొడుతుంటే నడుస్తూనే వెళ్ళడం నయం అన్నంత నెమ్మదిగా పాకుతుంది. ఒక రోజు తలుపు తెరుచుకోక, అత్తగారు లోపలే కూర్చుని ముప్పావుగంట సేపు కోడల్ని తిట్టింది. “వాడి చేతిలో పువ్వులా నడిచే బండి నీ చేతిలో ఎందుకిలా అవుతుందే?” అని అడిగింది ఆవిడ. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. అలా అడిగితే కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేదు. అతని చేతిలోనూ ఆగేది, మహా అందంగా ఆగేది. కానీ కొండల్లో అతని చేతిలో ఆగితే దాని పేరు సాహసం. ఊళ్ళో ఈమె చేతిలో ఆగితే దాని పేరు చేతకానితనం. మూడేళ్ళు ఒకే మాట చెవిన పడుతుంటే అది మెల్లగా మనిషి లోపలికి దిగుతుంది. తాళం తిప్పేటప్పుడు ఆమె చేతులకి చెమట పట్టడం మొదలైంది. నా చేతిలోనే ఏదో ఉందేమో అనుకుంది. ఎవరితోనూ అనలేదు, లోపలే అనుకుంది.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఆమె పని చేసేది నీళ్ళ పరీక్షల ల్యాబులో. కొండల మీది ఆరు జలాశయాల నుంచి సీసాల్లో వచ్చే నీళ్ళని పరీక్షించి, తాగొచ్చో కూడదో సంతకం పెడుతుంది. ఆ జలాశయాల దగ్గరికి స్వయంగా వెళ్ళి నమూనాలు తీసే విభాగానికి ఇన్‌చార్జి కావాలి. జీపు ఇస్తారు, సొంతంగా నడుపుకోవాలి. ల్యాబు పెద్దమేడమ్ రెండుసార్లు అడిగింది, ఈమె రెండుసార్లూ ఇంట్లో కుదరదండీ అని తప్పించుకుంది. కుదరకపోవడం కాదు. ఊళ్ళోనే బండి నిలవని చేతులతో ఆ కొండదారిలో ఒంటరిగా ఎలా? ఇది మూడోసారి. ఈ మధ్యాహ్నం పన్నెండు లోపల చెప్పకపోతే వేరే వాళ్ళకి ఇచ్చేస్తానంది పెద్దమేడమ్. ఇరవై ఏళ్ళుగా సీసాల్లో మాత్రమే చూసిన ఆ నీళ్ళని వాటి చోట చూడాలని ఈమెకి ఎంత కోరికో ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. అడిగినవాళ్ళు ఉంటే కదా తెలిసేది!

సర్వీసు సెంటరులో అందరికీ ఆమె తెలుసు. సెలవు పెట్టి వచ్చి కూర్చునే ఆ గాజు గదిలో ఏ కుర్చీ కిందకి గాలి బాగా వస్తుందో, కాఫీ మిషనులో ఏ బటను పని చేయదో ఆమె కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఒక్కోసారి, చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఆ గదికి రావడం బాగానే ఉండేది. అక్కడ ఎవరూ ఆమెని ఏదీ అందించమని అడగరు. కానీ ఎవరూ పలకరించరు కూడా.

అక్కడి పద్ధతి ఒకటుంది. బండి అప్పగించుకునే అడ్వైజరు ఒక కాగితం నింపుతాడు. పైన ‘ఫిర్యాదు’ అని ఒక గడి, కింద ‘కారణం’ అని ఒక గడి. పై గడిలో బండికి ఏమైందో ఈమె చెబుతుంది. కింది గడి నింపే ముందు మాత్రం బండి ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషికి ఫోన్ చేస్తాడు. ఫోన్‌లో అటు మాట ఈమెకి వినపడదు. ఇటు మాత్రం “అవున్సార్… అలాగే సార్… హహ, మా ఇంట్లోనూ ఇదే వరస సార్” అని వినపడుతుంది. ఆ నవ్వు ఆమె మూడేళ్ళుగా వింటోంది. ఏమిటో అని ఎన్నడూ అడగలేదు.

ఈ రోజు ముందుగా రికార్డు ప్రింటు అడిగింది. అడ్వైజరు నాలుగు కాగితాలు చేతిలో పెట్టి, బండి చూసొస్తానని లోపలికి వెళ్ళాడు. ఆమె కూర్చుని చదవడం మొదలుపెట్టింది.

తెర నల్లబడింది. కారణం: వాడకంలో పొరపాటు, ఇంటావిడ నడిపారు. గేరు పట్టేసింది. కారణం: వాడకంలో పొరపాటు, ఇంటావిడ నడిపారు. గాలి సంచి కారింది. కారణం అదే. తలుపు తెరుచుకోలేదు. కారణం అదే. తలుపుని కూడా ఆమే పాడుచేసిందట! పద్నాలుగుసార్లు. కంపెనీకి తప్పు లేదు కాబట్టి కంపెనీకి హాయి. బండికి తప్పు లేదు కాబట్టి యజమానికి హాయి. తప్పంతా ఒక మనిషి మీద పడింది, ఆ మనిషికి ఆ కాగితంలో పేరు కూడా లేదు.

తొమ్మిదో వరస దగ్గర ఆమె ఆగింది. కొండ దారి, వాగు దాటుతూ ఇంజనులోకి నీళ్ళు, లారీ మీద తెచ్చారు. కారణం: వాడకంలో పొరపాటు, ఇంటావిడ నడిపారు. ఆ తేదీ చూసింది. మళ్ళీ చూసింది. రెండోసారి పరీక్షించకుండా దేన్నీ నమ్మకపోవడం ఆమె వృత్తి. ఫోన్ తీసి ఆ తేదీకి వెళ్ళింది. అతను పంపిన ఫోటో ఉంది, వాగు మధ్యలో బండి, పైన నిలబడి అతను. దాని కింద ఈమె పెట్టిన చప్పట్ల బొమ్మ కూడా ఉంది. ఆ రోజు ఈమె ఆసుపత్రిలో ఉంది. గర్భసంచి తీసేసి మూడో రోజు. పక్కకి తిరగాలంటే నర్సు రావాలి. మాటిచ్చాను, నేను లేకపోతే ట్రిప్పే లేదని అతను వెళ్ళాడు. నర్సులున్నారుగా, వాడు కూర్చుని ఏం చేస్తాడు అంది అత్తగారు. మంచం మీద నుంచి కాలు కింద పెట్టలేని మనిషి ఆ రోజు కొండ మీద వాగులో బండి నడిపింది. అలా అని రాసి ఉంది, ముద్ర వేసి ఉంది.

ముందు కోపం రాలేదు. చెబితే ఎవరూ నమ్మరు, ముందు వచ్చింది సంతోషం. ఒడిలో ఉన్న తన చేతులని చూసుకుంది. వీటిలో ఏ దోషమూ లేదు. ఎప్పుడూ లేదు. నీళ్ళ గురించి ఎవరేం చెప్పినా పరీక్ష చేయకుండా సంతకం పెట్టనిది, తన చేతుల గురించి ఒకడు చెప్పిన మాటకి మాత్రం మూడేళ్ళు కళ్ళు మూసుకుని సంతకం పెట్టింది. ఆ తర్వాత వచ్చింది కోపం. ఎవరితోనైనా చెప్పాలనిపించింది. ఫోన్‌లో పేర్లు పైనుంచి కిందదాకా చూసింది. చెల్లెలు నవ్వేస్తుంది, బావగారి బండి పిచ్చి తెలిసిందేగా అక్కా అంటుంది. ల్యాబు వాళ్ళకి చెప్పాలంటే ఆసుపత్రి సంగతి నుంచి మొదలుపెట్టాలి, అది వాళ్ళకి జ్వరమని చెప్పింది. ఇంతమంది పేర్లున్న ఫోన్‌లో చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేకపోవడం ఆమెకి ఆ కాగితం కంటే ఎక్కువ బాధ కలిగించింది. చివరికి, ఎంత వింతో, అతనికే పంపింది. తొమ్మిదో వరస ఉన్న పేజీ ఫోటో తీసి పంపింది. పక్కన ఏమీ రాయలేదు. తేదీ చూస్తాడేమో, ఒక్క క్షణం ఆగుతాడేమో, అయ్యో అంటాడేమో అని కూర్చుంది.

రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. “అదిరింది. చూశావా, బండిది ఒక్క తప్పు కూడా లేదు. ఇదే వ్యాసం కింద వేద్దాం.”

ఆమె ఆ జవాబుని రెండుసార్లు చదివింది. ఇది అబద్ధమాడి దాచిపెట్టడం కూడా కాదు. అతనికి ఆ వరసలో ఈమె కనిపించనే లేదు. దాచిపెడితే అదైనా ఒక లెక్క, కాస్త భయమైనా ఉందనుకోవచ్చు. మూడేళ్ళలో అతన్ని ఏ ఇబ్బందీ పెట్టనిది బండి కాదు, తను. ఆ వ్యాసంలో పొగిడిందంతా తన గురించే, అది తనే టైపు చేసింది.

అడ్వైజరు చేతులు తుడుచుకుంటూ వచ్చి కాగితం ముందు పెట్టుకున్నాడు. ఎడమ గాలి సంచి పోయిందని చెప్పి, అలవాటుగా ఫోన్ అందుకున్నాడు.

“చెయ్యకండి” అందామె. “కారణం నేను చెప్తాను, రాయండి.”

“ఓనర్‌గారు ఒప్పుకోవాలి కదా మేడమ్, సిస్టంలో అలా…”

“సంచి ఎందుకు పోయింది? మీరు చూశారుగా. మీరే చెప్పండి.”

అతను అటూ ఇటూ చూశాడు. ఈ రకం సంచులు పోతూనే ఉంటాయని, ఎవరు నడిపినా పోతాయని గొంతు తగ్గించి ఒప్పుకున్నాడు.

“అదే రాయండి. కింద నా పేరు రాయండి, సంతకం పెడతాను. ఇంటావిడ అని కాదు, పేరు.”

అతను రాశాడు. పేరు రాయడానికి స్పెల్లింగు అడిగి రాశాడు. మూడేళ్ళలో ఆ పేరు అడగడం అదే మొదటిసారి.

గోడ గడియారంలో పదకొండున్నర దాటింది. ఆమె గాజు తలుపు దగ్గరికి వెళ్ళి పెద్దమేడమ్‌కి ఫోన్ చేసింది. వస్తాను, సోమవారం నుంచే వస్తాను అని చెప్పింది. కొండదారి కదా, నడపగలవా, ఇంట్లో ఒప్పుకున్నారా అని పెద్దమేడమ్ మంచికే అడిగింది. నడపగలనండీ, పదకొండేళ్ళు నడిపాను అంది. రెండో ప్రశ్న దాటేసి, జీపు తాళాలు ఎవరి దగ్గర తీసుకోవాలో అడిగింది. ఇంట్లో ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఈ రాత్రి ఎవరూ గట్టిగా అరవరు, అత్తగారు భోజనం దగ్గర ఊరికే నిట్టూరుస్తుంది, అతను వారం మాట్లాడడు. మాట్లాడని మనుషుల మధ్య ఉండడం ఆమెకి కొత్తేమీ కాదు. ఫోన్ పెట్టేశాక సంతోషం పంచుకోవడానికి పక్కన ఎవరూ లేరు. తలుపు అద్దంలో తన మొహమే కనిపించింది, దానికే ఒకసారి తల ఊపింది.

లోపలికి వచ్చి, తన చేతిసంచి తెరిచి బండి తాళాలు తీసి అడ్వైజరు బల్ల మీద పెట్టింది.

“నాలుగింటికి రెడీ అయిపోతుంది మేడమ్. ఇక్కడే కూర్చుంటారా, వెళ్ళొస్తారా?”

“వెళ్తాను. మళ్ళీ రాను.”

“మరి బండి ఎవరు తీసుకెళ్తారు?”

“ఓనర్‌గారు వస్తారు” అందామె. “ఆయన్ని మీరు ఇంతవరకూ చూడలేదు కదా, పేరడిగి ఇవ్వండి.”